కొండారెడ్డి బురుజు దగ్గర సూర్యుణ్ణి ఉంచితే గ్రహాలు ఎక్కడ వస్తాయి?

కర్నూలు కొండారెడ్డి బురుజు వద్ద సూర్యుడి నమూనా నిలిపితే గ్రహాలను ఎంతెంత దూరంలో ఉంచాలి, వాటి మధ్య దూరాన్ని ఎలా లెక్కించాలి అన్నది ప్రశ్న.

ముందుగా ఒక కొలమానం ఎంచుకోవాలి. 10 లక్షల కిలోమీటర్లను 1 మీటరుగా తీసుకుంటే లెక్క నోటితోనే తేలిపోతుంది. సుమారు 13.9 లక్షల కిలోమీటర్ల వ్యాసం గల సూర్యుడు 1.39 మీటర్ల గోళమవుతాడు. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న భూమి 150 మీటర్ల అవతల, 13 మిల్లీమీటర్ల గోలీకాయంత కనిపిస్తుంది. బుధుడు 58, శుక్రుడు 108, కుజుడు 228, గురుడు 778 మీటర్ల దూరంలో వస్తారు. శని 1.4, యురేనస్ 2.9, నెప్ట్యూన్ 4.5 కిలోమీటర్ల దూరానికి వెళ్తాయి.

రెండు గ్రహాల మధ్య దూరమంటే ఈ అంకెలను తీసివేయడమే అని చాలామంది అనుకుంటారు, కానీ అవి రెండూ సూర్యుడికి ఒకే వైపున, ఒకే వరుసలో ఉన్నప్పుడే అది సరిపోతుంది. భూమి, కుజుడు అలా ఉంటే వాటి మధ్య దూరం సుమారు 78 మీటర్లు. సూర్యుడికి చెరోవైపు ఉంటే రెండూ కూడి 378 మీటర్లు. కక్ష్యలు దీర్ఘవృత్తాలు కాబట్టి ఇవి సగటు దూరాలతో వేసిన లెక్కలే.

పరిమాణానికీ దూరానికీ ఒకే కొలమానం వాడటం తప్పనిసరి. 200 మీటర్ల బడి మైదానంలో నెప్ట్యూన్ వరకు ఇమడ్చాలంటే సూర్యుడు 6 సెంటీమీటర్ల బంతిగా, భూమి ఇసుక రేణువుగా మారతాయి. పిల్లలకు ఆ రేణువును చూపించడం కష్టం కనుక బురుజు నుంచి నడిపించడమే మేలని నా అభిప్రాయం. బురుజు దగ్గర తీసుకున్న కొలమానంలో (10 లక్షల కిలోమీటర్లకు 1 మీటరు) సూర్యుడి తర్వాత మనకు అతి సమీప నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ దాదాపు 40,000 కిలోమీటర్ల దూరంలో, అంటే భూగోళాన్ని ఒకసారి చుట్టి వచ్చినంత దూరంలో ఉంటుంది.