ఎన్నారై సందేహాలు: లివా ఎడారిలో షూటింగ్‌కు వారం రోజులు సరిపోతాయా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. చిన్న సినిమా తీస్తున్నాం. ఒక పాట, ఒక ఛేజింగ్ ఎడారిలో ఉండాలి. పద్నాలుగు మందిమి వారం రోజులకు అబుదాబి ఎమిరేట్‌లోని లివాకు పోదామనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?

జవాబు: వారం ఎందుకు తమ్ముడూ? మూడు రోజులు చాలు. లివాలో ఒక్కో రోజూ గది, బండి, తిండి, జనరేటర్ అంటూ దిర్హమ్‌లు మింగుతుంది. దిర్హమ్‌ను డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు కాబట్టి అక్కడ డాలరు పెరిగిందంటే ఇక్కడ మీ రూపాయల బడ్జెట్ కూడా పెరిగినట్టే.

అందుకే ముందు షాట్ల పట్టిక రెండుగా చీల్చండి. దిగంతం దాకా ఇసుకే కనపడాల్సిన వైడ్ షాట్లు, దిబ్బ మీదికి ఎక్కే బండి, చీమలా కనపడే మనుషులు, ఇవి మాత్రమే లివాకు. మాటలు, క్లోజప్పులు, నడుము పైభాగం షాట్లు మన అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో తీసుకోవచ్చు. హగరి నది ఒడ్డు నుంచి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక అక్కడ పొలాల మీదే మేటలు వేసింది. రెండు ఇసుకల రంగూ ఒకటి కాదు. కాబట్టి కెమెరా కింద పెట్టి, వెనక ఆకాశం పడేలా చూసుకోండి. మనోళ్లకు ఇంటి పక్కది కంటికి ఆనదు, అదొక్కటే చిక్కు.

కాలం విషయానికొస్తే జనవరి నడిమి భాగం పట్టండి. డిసెంబరు చివర, కొత్త సంవత్సరం రోజుల్లో లివా పండుగ ఉంటుంది. మోరీబ్ దిబ్బ దగ్గర కార్ల పందేలు, జనం, గదుల ధరలు మంట. 2027లో రంజాన్ ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ నెల పనిగంటలు రోజుకు రెండు తగ్గుతాయి. ఎండాకాలం గది చవకని దిగితే మాత్రం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని నిషేధం.

చలికాలం ఉదయాల్లో పొగమంచు కమ్మేస్తుంది, కొన్ని రోజులు తొమ్మిదింటి దాకా ఏమీ కనపడదు. సూర్యాస్తమయం ఆరు లోపే. నడినెత్తి ఎండలో ఇసుకకు నీడ ఉండదు, దిబ్బ ఆకారమే పోతుంది. అంటే రోజుకు దక్కే మంచి వెలుతురు పొద్దున కాసేపు, సాయంత్రం మూడున్నర తర్వాత కాసేపు. ఈ వెలుతురు కోసమే లివాలోని మెజైరా ఊరి దగ్గరే బస చేయండి. దూరంగా ఉన్న మదీనత్ జాయెద్ పట్టణంలో గది తీసుకుంటే రానూపోనూ దారిలోనే వెలుతురు కరిగిపోతుంది.

మడత లేని ఇసుక మీద ఒక్కసారి అడుగు పడిందంటే ఆ దిబ్బ వైడ్ షాట్‌కు పనికిరాదు. గొర్రుతో దువ్వినా గీతలు తెలుస్తాయి. రాత్రి గాలి వీస్తేనే చెరుగుతుంది. కాబట్టి దిబ్బకు మొదట వైడ్ షాట్, తర్వాతే దగ్గరివి. యూనిట్ మొత్తం కెమెరా వెనక వైపు నుంచే రావాలి, నడిచే దారికి జెండాలు పాతాలి. రిహార్సల్ వేరే దిబ్బ మీద. రెండో టేక్ కావాలంటే కెమెరాను పక్కకు జరిపి కన్నెఇసుక వెతుక్కోవాలి. టీ పట్టుకుని ఫ్రేములోకి వచ్చేవాడు యూనిట్‌కు ఒకడు ఉంటాడు, వాడిమీద ఒక కన్నేయండి.

బండి విషయంలో "కడప గుట్టల్లో బొలెరో తోలినోడే కదా" అనొద్దు. ఇసుకలో టైర్ గాలి 35 పీఎస్ఐ నుంచి 15-18కి దించాలి. ఆ గాలితో స్టీరింగ్ ఠక్కున తిప్పితే టైర్ రిమ్ము నుంచి ఊడుతుంది. రోడ్డెక్కగానే మళ్ళీ నింపాలి, కాబట్టి కంప్రెసర్ ఉండాలి. రెండు బండ్లు లేకుండా లోపలికి పోవద్దు. అద్దె కార్ల బీమా మామూలుగా ఇసుకలో జరిగిన నష్టానికి పనికిరాదు, అక్కడి డ్రైవర్‌ను పెట్టుకోవడమే చవక.

లెన్సు బండిలోనే, తలుపులు మూసి, ఏసీ ఆపి మార్చండి. గుడ్డతో తుడవకండి, ముందు బ్లోయర్, తర్వాత బ్రష్. తుడిస్తే ఇసుకే గీతలు పెడుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను అరగంట సంచిలోనే ఉంచండి, లేదంటే తేమ పడుతుంది.

సామానుకు ఫిక్కీ (వ్యాపార సంఘాల సమాఖ్య) దగ్గర ఏటీఏ కార్నే, అంటే సుంకం కట్టకుండా సామాను తాత్కాలికంగా తీసుకెళ్ళి తెచ్చుకునే పత్రం, తీసుకోండి, సీరియల్ నంబర్లు అచ్చంగా కలవాలి. రానూపోనూ కస్టమ్స్ ముద్ర మరిచిపోతే సుంకం మీ నెత్తిన పడుతుంది. బ్యాటరీలు 100 వాట్ అవర్ లోపువి చేతి సంచిలో, 160 వరకూ విమాన సంస్థ అనుమతితో, ఆ పైవి ప్రయాణికుల సామానులో కుదరవు. డ్రోన్, వాకీటాకీ ఇక్కడి నుంచి తీసుకెళ్ళకండి, అనుమతులున్న వాళ్ళ దగ్గర అక్కడే అద్దెకు తీసుకోండి. మీ వంటాయనకు ఒక మాట: గసగసాలు అక్కడ నిషేధం. కోడికూర మసాలాపొడి పొట్లం కూడా చదివి చూడాలి. కోడీన్ ఉన్న దగ్గు మందు, నొప్పికి వాడే ట్రమడాల్ లాంటివి డాక్టరు చీటీ, అక్కడి ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళొద్దు.

అనుమతులు అక్కడ లైసెన్సున్న కంపెనీ ద్వారానే. ఆ వివరాలు అబుదాబి ఫిల్మ్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకోండి. నన్ను అడగాల్సింది డబ్బు గురించి. అక్కడ పెట్టిన ఖర్చులో ముప్పై శాతానికి పైగా వెనక్కిస్తారని విని, దాన్ని చేతిలో ఉన్న డబ్బుగా లెక్కేస్తారు మనోళ్లు. అది షూటింగయ్యాక, లెక్కలు ఆడిటయ్యాక వచ్చేది. ముప్పై లక్షలు ఎనిమిది నెలలు ఆగితే, రెండు రూపాయల వడ్డీకి నాలుగు లక్షల ఎనభై వేలు పోతాయి. మీ అంత చిన్న సినిమాకు అర్హత ఉందో లేదో కూడా ముందే రాతపూర్వకంగా అడిగించండి.

కంపెనీ ఇచ్చే కొటేషన్‌లో ఐదు శాతం వ్యాట్, జనరేటర్ డీజిల్, పన్నెండు గంటలు దాటితే గంటకు ఎంత, ఇవి విడివిడిగా రాయించండి. మంచుకో గాలికో ఒక రోజు పోతే ఆ రోజు కిరాయి ఎవరిదో కూడా రాయించండి. ఈ వరుస రాయలేమన్నవాళ్ళకు అడ్వాన్సు పంపకండి.