ఊరు కట్టిన వారి వారసులకు గైరాన్‌పై ప్రత్యేక హక్కు ఉంటుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ముత్తాతల కాలంలో నాలుగు కుటుంబాలు వచ్చి ఊరు కట్టుకున్నాయట. ఊరి పశువులన్నీ మేసే గైరాన్ ఆ కుటుంబాల వారసులదేనని, తర్వాత వచ్చినవారికి అందులో భాగం లేదని మావాళ్లు అంటున్నారు. మా పేర్ల మీద పట్టా చేయించుకోవచ్చా?

జవాబు: ముందుగా వచ్చి ఊరు కట్టారన్న కారణంతోనే ఉమ్మడి భూమిపై వారసులకు యాజమాన్యం రాదు. నిజాం కాలపు సర్వేలో సర్వే నంబర్లవారీగా తయారైన భూమి రికార్డైన సేత్వార్‌లోను, భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉంది అని రాసిన 1954-55 ఖాస్రా పహాణీలోను ఆ సర్వే నంబరు గైరాన్‌గా నమోదై ఉంటే, అది సర్కారు భూమి. దానిని మేతకు వాడుకొనే వీలు ఊరందరిదీ, నిన్న వచ్చి స్థిరపడినవారితో సహా.

చాలాకాలంగా అనుభవిస్తున్నాం కదా అనే వాదన కూడా నిలవదు. ప్రభుత్వ భూమిపై ప్రతికూల స్వాధీనం (పరుల భూమిని ఏళ్ల తరబడి అనుభవించి హక్కు పొందడం) రుజువు చేయాలంటే, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం 30 ఏళ్లకు పైగా ఇతరులను రానివ్వకుండా, యజమాని హక్కును కాదంటూ, బాహాటంగా అనుభవించినట్టు చూపాలి. ఊరి పశువులన్నీ అక్కడే మేస్తున్నాయని మీరే రాశారు. ఆ ఒక్క వాక్యంతోనే మీ ప్రత్యేక స్వాధీనం వాదన పోతుంది. పైగా, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను ఎన్నేళ్లు గడిచినా క్రమబద్ధీకరించరాదని, తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన పట్టాల వంటివాటికే అందులో మినహాయింపు.

పాత రికార్డులో ఆ భూమి ఇనాంగానో మఖ్తాగానో (పాలకులు ఎవరికైనా మాన్యంగా ఇచ్చిన భూమిగా) కనిపిస్తే విషయం కొంత మారుతుంది. 1955 ఇనాం రద్దు చట్టం కింద ఆర్డీఓ వద్ద ఓఆర్‌సీ (ఆ భూమిపై హక్కును గుర్తించే ధ్రువపత్రం) కోరవచ్చు గాని, గ్రామ సమాజానికి విడిచిన భూములను, మేత భూములను, చెరువు శిఖాలను (చెరువు గర్భంలోని భూములను) ఆ చట్టమే పక్కన పెట్టింది. కాబట్టి అక్కడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

నా అభిప్రాయంలో మీరు పోరాడవలసింది పట్టా కోసం కాదు, ఆ భూమి గైరాన్‌గానే మిగలడం కోసం. సేత్వార్, ఖాస్రా పహాణీ, గ్రామ నక్షా ధృవీకరించిన నకళ్లు తీసుకొని, గ్రామసభ తీర్మానంతో కలెక్టరుకు హద్దుల సర్వే కోరుతూ అర్జీ పెట్టండి. ఆక్రమణ జరిగితే ఊరందరి తరఫున ప్రాతినిధ్య దావా వేయవచ్చు. ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేర్చేటప్పుడు సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఈలోగా మీవాళ్లెవరూ ఆ భూమిని పంచుకుంటూ గాని, అమ్ముతామంటూ గాని కాగితాలు రాసుకోకుండా చూడండి; కొన్నవారు తర్వాత డబ్బు కోసం వారిమీదకే వస్తారు.