పాత పుస్తకాల అమ్మకం: ప్రశ్న–జవాబు

ప్రశ్న: తాతగారి దగ్గరున్న వావిళ్ల (మద్రాసులోని పాత తెలుగు ప్రచురణ సంస్థ) పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మాలనుంది. అట్టలు ఊడాయి, అతికించి పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. సెల్లోటేప్ జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది, ధర పడిపోతుంది. ఊడిన అట్టను నూలు టేపుతో వదులుగా కట్టి, అలాగే ఫొటో తీయండి. ముఖపత్రం, ముద్రణ వివరాలున్న పుట, వెన్ను, పురుగు తిన్నచోటు తప్పనిసరి. పుటలన్నీ లెక్కపెట్టి, లేనివి రాయండి; పార్సిళ్లు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే.

సంవత్సరంతో జాగ్రత్త. ‘ప్రభవ’ అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అది 1867 కావచ్చు, 1927 కావచ్చు; ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. పీఠిక తేదీ, అచ్చుకూటం చిరునామా చూసి తేల్చండి. తేలకపోతే ‘ప్రథమ ముద్రణ’ అనొద్దు. పాలిథీన్‌లో చుట్టి, రెండువైపులా పుస్తకం కన్నా అంగుళం పెద్ద అట్టముక్కలు పెట్టండి, మూలలు నలగవు.