ప్రైమరీలో ఓటు నచ్చిన అభ్యర్థికా, గెలుపు గుర్రానికా?

పెన్సిల్వేనియాలో ఉంటూ ఈమధ్యే పౌరసత్వం తీసుకున్నానని, 2028 డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, తొలిసారి ఓటు వేయాలనుకుంటున్నానని, అయితే మనసుకు నచ్చినవారికి వేయాలో నవంబరులో జరిగే అసలు ఎన్నికలో గెలవగలిగినవారికి వేయాలో, అసలు ఆ గెలవగలగడాన్ని ఎలా అంచనా కట్టాలో తేలడం లేదని మీరు రాశారు. నేను 2003 నుంచి అయోవాలో, డెమోయిన్ నగర శివారులో ఉంటున్నాను. ఓటు హక్కు లేని రోజుల్లో ఈ లెక్కలు వేసేవాళ్లను దగ్గర నుంచి చూశాను, హక్కు వచ్చాక నేనే వేసి తడబడ్డాను.

మన దగ్గర ఎన్నికలు వస్తున్నాయంటే పత్రికల నిండా 'గెలుపు గుర్రాలు' అనే మాటే కనిపిస్తుంది. అక్కడ ఆ గుర్రాన్ని వెతికే పని పార్టీ అధిష్ఠానానిది. సర్వేలు చేయించి, కులాల లెక్కలూ ఖర్చు పెట్టుకోగల స్తోమతా చూసి టికెట్ ఇస్తారు, ఓటరు వంతు ఆ తర్వాతే వస్తుంది. ఇక్కడ ప్రైమరీలో టికెట్ ఇచ్చేది ఓటరే కనుక అధిష్ఠానం కుర్చీలో మనమే కూర్చోవలసి వస్తుంది. సర్వే బృందాలు మాత్రం మనకు ఉండవు. టీవీ చర్చలు, ఆఫీసు కబుర్లు, లోపలి భయాలు, వీటితోనే నెట్టుకురావాలి.

నేను వచ్చిన కొద్ది నెలలకే, 2004 జనవరి 19న, అయోవా కాకస్ జరిగింది. ప్రైమరీకి బదులుగా పార్టీవాళ్లు పేటల వారీగా ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సమావేశం అది. మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించిన డెమోక్రటిక్ పోటీదారు హొవార్డ్ డీన్‌కు శరదృతువంతా ప్రచారం చేసి, ఆ రాత్రి మాత్రం మరో పోటీదారు జాన్ కెర్రీ వైపు వెళ్లి నిలబడ్డాడు. కారణం అడిగితే, వియత్నాంలో పోరాడి పతకాలు తెచ్చుకున్న మనిషిని దేశభద్రత విషయంలో రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్ ఏమీ అనలేడు కదా అన్నాడు. 'డీన్‌తో తిరిగాం, కెర్రీని పెళ్లాడాం' అనే అర్థం వచ్చే స్టిక్కర్లు కూడా అప్పట్లో కార్ల మీద కనిపించేవి. కెర్రీకి దాదాపు 38 శాతం మద్దతు వచ్చింది, డీన్ 18 శాతం దగ్గర మూడో స్థానంలో ఆగిపోయాడు. తీరా ఆగస్టు వచ్చేసరికి ప్రత్యర్థి వర్గం ప్రకటనలు గురిపెట్టింది సరిగ్గా ఆ వియత్నాం సేవ మీదే. నవంబరులో ఒహాయోను సుమారు 1,18,000 ఓట్ల తేడాతో పోగొట్టుకుని కెర్రీ ఓడిపోయాడు. డీన్ అయితే గెలిచేవాడని నేను అనడం లేదు, ఇంకా ఘోరంగా ఓడిపోయేవాడేమో. అభ్యర్థికి కవచం అనుకున్నదే అతని ఆయువుపట్టు కావచ్చునని మాత్రం అప్పుడు తెలిసింది.

ఇక నా సంగతి. 2020 ఫిబ్రవరి 3న మా పేట కాకస్ ఒక పాఠశాల వ్యాయామశాలలో జరిగింది. నవంబరు నాటికి పద్దెనిమిది నిండేవారు కాకస్‌లో పాల్గొనవచ్చు కనుక పదిహేడేళ్ల మా అమ్మాయి కూడా వచ్చింది. అప్పటి కాకస్‌లో అభ్యర్థికొక మూల చొప్పున జనం గుంపులుగా నిలబడేవారు, తలలు లెక్కపెట్టేవారు, చాలా చోట్ల పదిహేను శాతం కూడగట్టలేని గుంపు చెదిరిపోయి రెండో విడతలో మరొకరి వైపు వెళ్లవలసి ఉండేది. నాకు మనసులో పోటీదారుల్లో సెనేటర్ ఎలిజబెత్ వారెన్ అంటే ఇష్టం. అయినా 2016లో హిల్లరీ క్లింటన్ ఓడిపోయిన అనుభవం తర్వాత ఈ దేశం మరో మహిళకు ఓటు వేయదని తీర్మానించుకుని జో బైడెన్ మూలకు నడిచాను. మా అమ్మాయి వారెన్ గుంపులో నుంచి వచ్చి, "నాన్నా, ఇంట్లో ఎప్పుడూ ఆవిడనే మెచ్చుకుంటావు, మరి ఇక్కడున్నావేం?" అంది. జనం వేయరమ్మా అన్నాను. "నువ్వు వేస్తావా?" వేస్తాను. "అమ్మ?" వేస్తుంది. "మరి వేయనిది ఎవరు?" నేను తలెత్తి చుట్టూ చూశాను. వారెన్ మూలలో యాభై మందికి పైగా ఉన్నారు. నా ఊహలోని ఆ 'జనం' ఎవరో ఆ గదిలో నేను వేలుపెట్టి చూపించలేకపోయాను.

ఆ గదిలో మొత్తం 212 మంది, పదిహేను శాతం అంటే 32. మా బైడెన్ గుంపులో తేలింది 24. అందరూ వేస్తారనుకుని నేను ఎంచుకున్న అభ్యర్థికి అక్కడే చాలినంత మంది లేకపోయారు. మరో పోటీదారు క్లోబుషార్ తరఫున ఒక పెద్దావిడ ఇంట్లో చేసిన బిస్కెట్ల డబ్బా పట్టుకుని మమ్మల్ని తమ వైపు లాగడానికి వచ్చింది. బిస్కెట్ ఒకటి తిని, రెండో విడతలో మా అమ్మాయి పక్కన చేరాను. ఆ రాత్రి రాష్ట్రం మొత్తం ఫలితాలు వెలువడక జరిగిన గందరగోళం వేరే కథ.

ఇక్కడితో ఆగితే కథ చక్కగా ఉండేది గాని, చివరికి అధ్యక్షుడైంది ఆ బైడెనే. అయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం వచ్చిన మనిషిని దక్షిణ కెరొలైనాలో నల్లజాతి ఓటర్లు నిలబెట్టారు. ఫిబ్రవరి 29న అక్కడ గెలవడం, తోటి పోటీదారులు బుట్టిజెజ్, క్లోబుషార్ తప్పుకుని ఆయనకు మద్దతు పలకడం, మార్చి 3న ఒక్కరోజే పది రాష్ట్రాలు చేజిక్కడం, అంతా నాలుగు రోజుల వ్యవహారం. అయితే నా అంచనా నిజమైందా? బైడెన్ గెలుస్తాడన్నంత వరకు నిజమైంది. వారెన్ గెలవదన్నదానికి మాత్రం అప్పుడు నా దగ్గర ఆధారం లేదు, ఇప్పుడూ లేదు. ఎదుటివాడి పేరు చెప్పి నా సంకోచాన్నే లెక్కలో కలిపేశానని నాకు అనుమానం.

అందుకని గెలుపు అవకాశాన్ని పూర్తిగా పక్కన పెట్టమని చెప్పను. 2020లో అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింటిలో కలిపి తేడా 43,000 ఓట్ల లోపే, 2016లో మిషిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో కలిపి సుమారు 78,000. ఇంత సన్నని తేడాలున్నప్పుడు అభ్యర్థి ఎవరన్నది పట్టించుకోక తప్పదు. నా షరతు ఒక్కటే, అంచనాకు ఊహ కాక వేసిన ఓట్లు ఆధారంగా ఉండాలి. 2008లో జరిగింది అదే. తెల్లవారు ఒబామాకు వేస్తారా అన్న సందేహం చాలామంది నల్లజాతి ఓటర్లలోనే ఉండేది. తొంభై శాతానికి పైగా తెల్లవారున్న మా అయోవా జనవరి 3న ఆయన్ను గెలిపించాక ఆ సందేహం వీడి, జనవరి 26న దక్షిణ కెరొలైనా ఆయనకు భారీ ఆధిక్యం ఇచ్చింది.

కాబట్టి అభ్యర్థి తన రాష్ట్రంలో పార్టీకి మామూలుగా వచ్చే ఓట్ల కన్నా ఎన్ని ఎక్కువ తెచ్చుకున్నారో నేను ముందు చూస్తాను. ఇద్దరు అభ్యర్థులను ఎదురెదురుగా పెట్టి ఎవరికి వేస్తారని అడిగే, ఏడాది ముందు వచ్చే సర్వేలకు పెద్ద విలువ ఇవ్వను, అవి చాలావరకు ఎవరి పేరు ఎంతమందికి తెలుసో చెబుతాయి. సిద్ధాంతంలో మరీ అంచున ఉన్నవారు ఓడిపోతారన్న మాటలో కొంత నిజముంది. 1964లో రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్‌కు ఆరు రాష్ట్రాలు, 1972లో డెమోక్రటిక్ అభ్యర్థి మెక్‌గవర్న్‌కు మసాచుసెట్స్, రాజధాని ప్రాంతం మాత్రమే దక్కాయి. కాని 1980లో రీగన్‌ను కూడా అలాగే తీసిపారేశారు, ఆయన 44 రాష్ట్రాలు గెలిచాడు. 2024లో రిపబ్లికన్ పోటీదారు నిక్కీ హేలీ, సర్వేలలో బైడెన్ మీద ట్రంప్ కన్నా తనకే ఎక్కువ ఆధిక్యం ఉందని చెప్పుకుంటూ తిరిగినా, రిపబ్లికన్ ఓటర్లు ఆ వాదనను పట్టించుకోకుండా ట్రంప్‌నే ఎంచుకున్నారు, గెలిచారు కూడా.

మీ విషయంలో ఇంకొక చమత్కారం ఉంది. ఆ రాత్రి వ్యాయామశాలలో మేమంతా తలలు పట్టుకున్నది పెన్సిల్వేనియా వాళ్లు ఏమనుకుంటారో అనే. గడిచిన మూడు ఎన్నికలలోనూ మీ రాష్ట్రంలో తేడా రెండు శాతం లోపే, అదీ ఒకసారి అటు, ఒకసారి ఇటు. అంటే మేము ఊహించుకుంటూ కూర్చున్న ఆ ఎదుటివాళ్లు మీరూ మీ ఇరుగుపొరుగూనే. పోయినసారి ఒక పార్టీకీ అంతకుముందు మరొక పార్టీకీ వేసినవాళ్లు మీకు తెలిసినవారిలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఎవరు గెలుస్తారని వారిని అడగకండి, వాళ్లు కూడా టీవీలో విన్నదే చెబుతారు. మీరు ఎవరికి వేస్తారు, ఎందుకు వేస్తారు అని అడగండి.

ఒక పని మాత్రం మరిచిపోవద్దు. పెన్సిల్వేనియాలో ప్రైమరీ ఆ పార్టీ పేరున నమోదైన ఓటర్లకే పరిమితం, నమోదుకు గడువు పోలింగుకు పదిహేను రోజుల ముందే ముగుస్తుంది. పైగా మీ ప్రైమరీ 2024లో ఏప్రిల్ 23న జరిగింది. ఈసారి కూడా అంత ఆలస్యమైతే, మీ వంతు వచ్చేనాటికి బరిలో మిగిలేది ఒకరో ఇద్దరో కావచ్చు.