సైకిల్ రేసు కోసం ఇంటర్ మాన్పించాలా?

ప్రశ్న: మా బిడ్డ హన్మకొండలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. స్కూల్ గేమ్స్ సైకిల్ పోటీల్లో తక్కువ దూరం రేసులు గెలిచింది. ప్రత్యేక ట్రాక్ మీద జరిగే తక్కువ దూరం సైకిల్ రేసు, అంటే ట్రాక్ స్ప్రింట్‌లో అమ్మాయిలు తక్కువ, నేషనల్ మెడల్ తొందరగా వస్తుంది, స్పోర్ట్స్ కోటాలో ఇంజినీరింగ్ సీటు ఖాయమని తెలిసినాయన అంటున్నారు. కాలేజీ మాన్పించి ఢిల్లీ పంపాలా, ఎప్‌సెట్ కోచింగ్‌లో వేయాలా? పదిహేడేళ్లొచ్చాయి, ఇప్పటికే ఆలస్యమైందా?

జవాబు: ఆలస్యం కాలేదండీ. కెనడా అమ్మాయి కెల్సీ మిచెల్ ఇరవై దాటేదాకా ఫుట్‌బాల్ ఆడింది. 2017లో క్రీడాకారులను వెతికే శిబిరంలో ఆమె కాళ్ల సత్తా చూసి సైకిల్ ఎక్కించారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్ప్రింట్ స్వర్ణం ఆమెదే. కాళ్లలో బలం ఉంటే మిగతాది తర్వాతైనా నేర్పొచ్చు. ఈ ఒక్క విషయంలో నిశ్చింతగా ఉండండి.

నాకు నమ్మకం లేనిది ఆ "ఖాయం" అన్న మాట మీద. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఆట పేరు మారుతుంది, లెక్క మారదు: పోటీ తక్కువున్న ఆట పట్టుకుంటే సీటు కొట్టేయొచ్చని. కోటా సీట్లే కొన్ని. ఆ వరుసలో అన్ని ఆటల పిల్లలూ ఉంటారు, ఏ స్థాయిలో ఏ పతకం అన్నదాన్ని బట్టి ముందువెనకలు తేలుతాయి. అండమాన్ నుంచి వచ్చిన డెబొరా హెరాల్డ్ లాంటి స్ప్రింటర్లు ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం ట్రాక్ మీద ఏళ్ల తరబడి చెమటోడ్చారు. అయినా మన దేశం నుంచి ఒక్క మహిళా సైక్లిస్టూ ఇంకా ఒలింపిక్స్ చేరలేదు. ఇంజినీరింగ్ సీటుకు ఇది దగ్గరి దారి ఎలా అవుతుంది?

ఆ ట్రాక్ ఎలా ఉంటుందో మీరు చూశారా? 250 మీటర్ల చెక్క ట్రాక్, మలుపుల్లో నలభై డిగ్రీలు దాటిన వాలు. సైకిల్‌కు బ్రేకులుండవు, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. అర్హత రౌండ్‌లో వాలు పైనుంచి వేగం అందుకుని కిందికి దూకుతారు, చివరి 200 మీటర్లకే టైం. 2024 పారిస్‌లో జర్మనీ అమ్మాయి లియా ఫ్రీడ్రిక్ 10.029 సెకన్లలో ముగించింది, గంటకు 70 కిలోమీటర్ల పైమాటే. ఆ తర్వాత ఇద్దరిద్దరి పోటీ. ముందున్నామె గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకామె ఆ చాటున బలం దాచుకుంటుంది. అందుకే మొదట్లో ఇద్దరూ నడకవేగంతో ఒకరినొకరు కనిపెట్టుకుంటూ తిరుగుతారు. ఇదంతా హన్మకొండ రోడ్ల మీద రాదు, ట్రాక్ ఎక్కితేనే వస్తుంది.

కోపం రాకపోతే ఒక మాట. అంత పెద్ద ఉత్తరంలో మీ బిడ్డ ఏమంటోందో ఒక్క ముక్క లేదు! తెలిసినాయన మాట ఉంది, కోటా ఉంది, ఎప్‌సెట్ ఉంది. రోజూ జిమ్‌లో బరువులెత్తాల్సింది ఆ పిల్ల. తొడలు లావెక్కుతాయి. అప్పుడు చుట్టాలు పెళ్లి మాటలెత్తితే ఆమె పక్కన నిలబడతారా? కోచ్ ఎవరు, హాస్టల్లో ఆడవాళ్లెవరుంటారు, ఇబ్బందొస్తే ఫిర్యాదు ఎవరికి చేయాలి అని అడిగారా? 2022లో స్లొవేనియా శిబిరంలో మన మహిళా సైక్లిస్ట్ ఒకామె కోచ్ ప్రవర్తన మీద ఫిర్యాదు చేస్తే మన జాతీయ జట్టు కోచ్‌నే తప్పించారు. ఆ అమ్మాయి నోరు తెరిచింది కాబట్టి బయటపడింది. మీ బిడ్డ ఏదున్నా ముందు మీకే చెప్పుకోగలగాలి.

ఇంటర్ మాన్పించకండి. లక్షలు పోసి కార్బన్ సైకిలూ కొనకండి. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలొడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో ఉంది. రాష్ట్ర సైక్లింగ్ సంఘం వాళ్లను కనుక్కుని, సెలవుల్లో కాజీపేటలో రైలెక్కించి తీసుకెళ్లండి. అరువు సైకిల్ మీద మెల్లగా అలవాటు చేయించి, తర్వాత 200 మీటర్ల టైం తీయించండి. కొన్ని నెలల తర్వాత మళ్లీ తీయించండి. టైం తగ్గుతూ ఉండి, వాలు ఎక్కాలంటే ఆమెకే హుషారుగా ఉంటే అప్పుడు ఢిల్లీ మాట మాట్లాడుకుందాం. ఈసారి ఉత్తరం మాత్రం ఆమెనే రాయమనండి.