సారు చెయ్యి కనపడలే

తమ్మీ,

నువ్వు మీ మైక్రోవేవ్ ప్రొఫెసర్ మీద రాసిన జీవితచరిత్ర కాజీపేట స్టేషన్ల కూసొని చదివిన. మొదటి రెండు పేజీలు 1959ల నెహ్రూ వచ్చి వరంగల్ల ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీకి పునాదిరాయి వేసుడు, 2002ల అది ఎన్ఐటీ అవుడు. ఆ తర్వాత డాక్టరేటు, ప్రమోషన్లు, పేపర్ల లెక్క, శాలువలు. ఇది మనిషి కథనా, సర్వీస్ రిజిస్టరా?

ఒక్క చోట ఆగిన. ల్యాబుల సారు స్లాటెడ్ లైను మీద, అంటే పైన సన్నటి చీలిక ఉన్న లోహపు గొట్టం మీద, ప్రోబు (లోపలి అలను పసిగట్టే సూది) జరుపుకుంట, మీటరు ముల్లు అడుగుకు పడంగనే ‘రాసుకో’ అన్నడని రాసినవ్. బాగుంది. కని అక్కడికే వాక్యం బందు పెడితివి! నేను ల్యాబ్ అసిస్టెంటుగ చేసినోణ్ణి, ఆ బెంచీ నాకు ఎరుకే. గొట్టం చివర్ల లోడు, అంటే అలను అందుకునే పరికరం, సరిపడకపోతే పోయిన అల కొంత మర్లి వస్తది. పోయేది, వచ్చేది కలిసి ఆ గొట్టంల అల నిలబడ్డట్టు అయితది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర ముల్లు పడ్డ చోటికి, మళ్ల పడ్డ చోటికి నడుమ ఇంచుమించు 2 సెంటీమీటర్లు. కంటికి ఆనని అలను మీ సారు స్కేలు మీద చదువుతున్నడు! ఇంట్ల 50 హెర్ట్జ్ కరెంటు అల 6 వేల కిలోమీటర్లు, అందుకే మనకు తీగ ఉత్త తీగనే. సారు లోకంల, అదే 10 గిగాహెర్ట్జ్ దగ్గర, నడుమ గాలే ఉన్న 7.5 మిల్లీమీటర్ల లైను చివర రెండు తీగలు కలిపి షార్ట్ చేస్తే మొదట్ల తెగిన తీగ (ఓపెన్) లెక్క కనిపిస్తది. ఇసొంటి లోకంల బతికిన మనిషిని ‘విద్యారంగ ధ్రువతార’ అని చేతులు దులుపుకుంటవా?

ఇవన్ని రాస్తే ఎడిటర్లు తీసేస్తరా అని అడిగినవ్. తీసేస్తరు. మా నాయిన వరంగల్ల ఆజంజాహి బట్టల మిల్లుల సాంచ (మగ్గం) నడిపిండు. తెగిన పోగును ఎట్ల పట్టుకొని ముడేసేటోడో కథల ఒక పేజీ రాసిన. ఒక పత్రికాయన ఆ పేజీ కొట్టేసి, చావు, ఏడుపు మాత్రం ఉంచిండు. కార్మికుడంటే ఏడ్వాలె, ప్రొఫెసరంటే సన్మానం కావాలె, పని మాత్రం ఎవ్వలికి వద్దు. అయినా నేను మానలే, అదే పేజీని ఇంకో కథల పెట్టిన.

మల్ల పోయి సారును అడుగు. 1939ల వచ్చిన స్మిత్ చార్ట్ మీద, అంటే అల మర్లి వచ్చుడును లెక్కగట్టే గుండ్రటి పటం మీద, కంపాసు తిప్పుకుంట ఏం చెప్పేటోడు? సాఫ్ట్‌వేర్ వచ్చినంక కూడ పిల్లలతోని పెన్సిలు పట్టిచ్చిండా? ఏ సర్క్యూటు సతాయించింది? పుస్తకం ఎవరేస్తరన్నది తర్వాత చూద్దాం.

ఈసారి సన్మానం ఫొటోలు పెట్టకు. కవరు బరువెక్కి, తక్కువైన స్టాంపు పైసలు పోస్ట్‌మ్యాన్ నాతోని కట్టిచ్చిండు.