అల్లుడా, ముందు ర్యామ్ సంగతి చూడు

మిర్యాలగూడ

అల్లుడా,

నీ చిన్న డబ్బా పీసీ ఫొటోలు చూశాను. ముచ్చటగా ఉంది. దాన్ని ఓవర్‌క్లాకింగ్ చెయ్యాలని, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడపాలని చూస్తున్నావు కదా, ప్రాసెసర్‌ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకు.

ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు, ర్యామ్ స్లాట్లు రెండే అని బాధపడుతున్నావట, అక్క చెప్పింది. ఓవర్‌క్లాకింగ్‌కి కలిసొచ్చేదే అది. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే ఒక్కో ఛానెల్‌కి ఒక్కటే స్టిక్కు, ప్రాసెసర్ నుంచి దారి కూడా పొట్టి. బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్, ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపించేది అదే. నీ స్టిక్కులు 3600వి కదా, 1.35 వోల్టులు తీసుకుంటాయి. ఎఫ్‌క్లాక్, అంటే ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి వేగం, 1800 ఉందో లేదో చూసుకో. 3600 ర్యామ్ అసలు గడియారం అందులో సగం, 1800, కాబట్టి అదీ ఎఫ్‌క్లాకూ కాడికి కట్టిన ఎడ్ల లెక్క కలిసి నడవాలి. 4000 కావాలని లాగితే చాలా చిప్‌లు ఆ జోడీని మోయలేవు, ఉన్న వేగమూ తగ్గొచ్చు.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసి రాత్రంతా నడిపించు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒప్పుకోకు. నేనొకసారి విండోస్ ఎక్కింది కదా అని ఊరుకున్నాను. పది రోజులకు మిల్లు లెక్కల ఫైలు తెరుచుకోలేదు. మీ అత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఇక నీ 5600ఎక్స్ ప్రాసెసర్. చిన్న బోర్డు మీద వోల్టేజీ పెంచి వేగాన్ని ఒకే అంకె దగ్గర బిగించడం నాకు నచ్చదు. పీబీఓ, అంటే వేగం తనంతట తానే పెంచుకోనిచ్చే సెట్టింగ్, ఆన్ చేసి, వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10తో మొదలుపెట్టు. అదే వేగానికి కరెంటు తక్కువ తాగుతుంది, ఆ మిగులుతో వేగం కాస్త పెరుగుతుంది.

అసలు పరీక్ష ఎండాకాలంలో. డిసెంబరు రాత్రి గది 20 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 75 చూపిస్తే మురిసిపోకు. మే నెల మధ్యాహ్నం నల్గొండలో మీ రేకుల గది 40 దాటితే, ఆ తేడా దాదాపు అంతా ప్రాసెసర్ మీదికే వస్తుంది. 95 దగ్గర ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. ర్యామ్ అట్లా కాదు, చెప్పకుండా తప్పులు చేస్తుంది, పైగా చిన్న డబ్బాలో గ్రాఫిక్స్ కార్డు సెగ దానికే తగులుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి, ఏసీ లేకుండా, రెండు గంటలు గేమ్ ఆడి చూడు.

స్క్రీన్ నల్లగా ఉండిపోతే టెన్షన్ పడకు, కొన్ని నిమిషాలు ఆగు. అప్పటికీ రాకపోతే ప్లగ్ పీకి, బయాస్ సెట్టింగులను మళ్లీ మొదటికి తెచ్చే సీమాస్ పిన్నులు రెండూ స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలుపు. నీ బోర్డులో అవి గ్రాఫిక్స్ కార్డు కిందే ఉన్నట్టున్నాయి. కార్డు తీసేటప్పుడు స్లాటు చివరి గొళ్లెం నొక్కి తియ్. నేను ఒకటి విరగ్గొట్టాను.

మీ మామ